మసీదు గోడకు ఆనుకున్న అంగళ్లు

పాత నగరాలను రెండు ముక్కలు చేసి చూడటం మన పర్యాటకులకు అలవాటు. ఉదయం చారిత్రక కట్టడాలు, సాయంత్రం షాపింగ్. టూర్ ఆపరేటరు చేతికిచ్చే కాగితంలోనూ అవి వేర్వేరు వరుసల్లోనే ఉంటాయి. మసీదు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, తలపైకెత్తి గుమ్మటం చూసి, నాలుగు ఫోటోలు తీసుకుని బయటపడతారు. ఆ తర్వాత బజారులో తల దించుకుని ధరలు అడుగుతారు. ఈ రెంటికీ చుట్టరికం ఉందని, ఒకదాన్ని చూడకుండా రెండోదాన్ని అర్థం చేసుకోలేమని చెప్పేవారు తక్కువ. ఆ చుట్టరికం కళ్లారా చూడాలంటే అహ్మదాబాద్ పాత నగరాన్ని మించిన చోటు దేశంలో అరుదు.

అహ్మదాబాద్ అనగానే చాలామందికి సబర్మతి ఆశ్రమం గుర్తొస్తుంది. కాస్త ఓపిక ఉన్నవారు సిదీ సయ్యద్ మసీదు దాకా వెళ్లి రాతి కిటికీని చూసి వస్తారు. నది పడమటి ఒడ్డున మాల్స్, ఫ్లైఓవర్లు, కొత్త కార్యాలయాలు ఉన్నాయి కాబట్టి మిగిలిన సమయం అక్కడే గడిచిపోతుంది. కానీ 2017 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది తూర్పు ఒడ్డున ఉన్న ఇరుకు ఊరిని. దేశంలో ఆ గౌరవం పొందిన మొదటి నగరం అదే. జైపూర్‌కు ఆ హోదా రావడానికి మరో రెండేళ్లు పట్టింది. ఢిల్లీకీ ముంబైకీ దక్కనిది ముందుగా అహ్మదాబాద్‌కు ఎందుకు దక్కిందో తెలుసుకోవాలంటే కారు దిగి ఒక కిలోమీటరు నడిస్తే చాలు.

ఆ కిలోమీటరును గీసిన వాడు సుల్తాన్ మొదటి అహ్మద్ షా. 1411లో సబర్మతి ఒడ్డున రాజధానికి పునాది వేసినప్పుడు ఆయన నది పక్కన భద్రా కోట కట్టించాడు. కోట ముందు మైదానం, దాని చివర మూడు కమానుల సింహద్వారం 'తీన్ దర్వాజా', అక్కడి నుంచి తూర్పుగా పోయే దారిలో జామా మసీదు, దాని వెనుక రాజకుటుంబ సమాధులు, ఆపైన మాణెక్ చౌక్ సంత. కోట, మైదానం, ద్వారం, మసీదు, సమాధి, అంగడి ఒకే వరుసలో ఉన్నాయి. రాజు శుక్రవారం నమాజుకు ఏ దారిన వెళ్లాడో రైతు కూరగాయల గంపతో అదే దారిన వచ్చాడు. అహ్మద్ షా కాలంలో శుక్రవారం సంతగా మొదలైందని చెప్పే గుజరీ బజార్ ఇప్పటికీ నది ఒడ్డున సాగుతోంది. మారింది వారమే. ఇప్పుడు అది ఆదివారం సంత.

ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. పెద్ద మసీదుకు నిత్యం ఖర్చు ఉంటుంది. దీపాలు, నీళ్లు, చాపలు, ఇమాము జీతం, మరమ్మతులు. పాత ముస్లిం నగరాల్లో ఆ ఖర్చుకు దారి చూపింది దుకాణాల అద్దెలే. మసీదు చుట్టూ అంగళ్లు కట్టి వాటి ఆదాయాన్ని వక్ఫ్ కింద రాసిచ్చేవారు. వర్తకుడికి అయిదు పూటలా జనం వచ్చే చోటు దొరికేది, మసీదుకు ఆదాయం దొరికేది. మన ఆలయ మాన్యాల పద్ధతి తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. అక్కడ పొలం, ఇక్కడ అంగడి. అంతే తేడా.

హైదరాబాద్ వారికి ఈ నమూనా మరీ పరిచితం. అహ్మదాబాద్ పుట్టిన సరిగ్గా 180 ఏళ్లకు, 1591లో కట్టిన చార్మినార్ పై అంతస్తులో మసీదు ఉంది. కింద నాలుగు వైపులా బజార్లకు పోయే దారులు ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే ఒకవైపు మక్కా మసీదు, మరోవైపు గాజుల లాడ్ బజార్. అయితే మనం చార్మినార్‌ను చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరగడం వల్ల దాన్ని ఎవరో ఆలోచించి గీసిన నగర పటంగా చూడం. పరాయి ఊరిలో అదే పటం కనిపించినప్పుడు కళ్లు తెరుచుకుంటాయి.

నడక మొదలుపెట్టడానికి తీన్ దర్వాజా సరైన చోటు. మూడు కమానుల కింద బట్టలు, చెప్పులు, ప్లాస్టిక్ సామాను, పిల్లల బొమ్మలు అమ్మే తోపుడుబళ్లు కిక్కిరిసి ఉంటాయి. అరుపుల మధ్య ఒక స్తంభం గూట్లో వెలిగే చిన్న దీపాన్ని చాలామంది గమనించరు. దాని వెనుక ఊరంతటికీ తెలిసిన కథ ఉంది. ఒక రాత్రి లక్ష్మీదేవి నగరం విడిచి వెళ్లిపోబోతూ ద్వారం దగ్గరికి వచ్చిందట. కాపలా ఉన్న ఖ్వాజా సిద్దీఖ్ కొత్వాల్ ఆమెను గుర్తుపట్టి, సుల్తాను అనుమతి తెచ్చే వరకు కదలవద్దని మాట తీసుకున్నాడట. తాను తిరిగి రాకపోతే దేవి ఎప్పటికీ ఇక్కడే ఉండిపోతుందని, రాజు దగ్గరికి వెళ్లి తల తీసివేయించుకున్నాడట. అందుకే ఈ ఊరికి సిరి తగ్గలేదని నమ్మకం. ఆ దీపాన్ని తరతరాలుగా వెలిగిస్తున్నది ఒక ముస్లిం కుటుంబం. కథ పుక్కిటి పురాణమే కావచ్చు. కానీ దీపంలో నూనె నిజమైనది. ఎవరో ఒకరు పూటకింత పోస్తేనే అది వెలుగుతుంది.

అదే ద్వారం మీద మరో విశేషం ఉంది. నగరం మరాఠాల పాలనలో ఉన్నప్పుడు, 1812లో, గవర్నరు చిమ్నాజీ రఘునాథ్ అక్కడ దేవనాగరి లిపిలో ఒక శాసనం వేయించాడు. పిత్రార్జితంలో ఆడపిల్లలకు సమాన వాటా ఇవ్వాలన్నది దాని సారాంశం. సుల్తాను కట్టిన ద్వారం మీద మరాఠా అధికారి హిందూ ముస్లింలందరికీ వర్తించే ఆజ్ఞను చెక్కించాడంటే, జనం ఎక్కడ ఆగి చదువుతారో ఆయనకు బాగా తెలుసన్నమాట. ప్రకటన అంటించడానికి సంత ద్వారాన్ని మించిన చోటేముంది? హిందూ కుటుంబాల్లో కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఇవ్వడానికి తెలుగునాట 1986 దాకా, దేశమంతటా 2005 దాకా ఆగాల్సి వచ్చిందని గుర్తు చేసుకుంటే ఆ రాతి విలువ తెలుస్తుంది.

తీన్ దర్వాజా దాటి గాంధీ రోడ్ వెంట కాస్త ముందుకు పోతే జామా మసీదు. పోతే అని అనడం తేలికే, కనిపెట్టడం కష్టం. రోడ్డు మీద దుకాణాల బోర్డుల మధ్య నుంచి మెట్లు ఎక్కే దాకా అంత పెద్ద కట్టడం అక్కడ ఉందని తెలియదు. లోపల అడుగు పెడితే హఠాత్తుగా రద్దీ ఆగిపోతుంది. విశాలమైన రాతి ప్రాంగణం, మధ్యలో వజూ చేసే నీటి కొలను, పడమట పసుపు ఛాయ ఇసుకరాతితో ప్రార్థన మందిరం. 1424లో పూర్తయిన ఈ మందిరంలో సుమారు 260 స్తంభాలు 15 పెద్ద గుమ్మటాలను మోస్తున్నాయి. స్తంభాల మధ్య నిలబడితే ఏదో ఆలయ మండపంలో ఉన్నట్టనిపిస్తుంది. అది భ్రమ కాదు. గొలుసుకు వేలాడే గంట, విచ్చుకున్న పద్మం, లతలు... కట్టిన చేతులు జైన, హిందూ ఆలయాలు కట్టడంలో ఆరితేరినవి. మనుషుల, జంతువుల బొమ్మలు చెక్కకూడదని యజమాని చెప్పినప్పుడు వారు తమకు తెలిసిన పువ్వులను, లతలను, తోరణాలను కొనసాగించారు.

ఇక్కడ ఒక అప్రియమైన మాట కూడా చెప్పుకోవాలి. గుజరాత్ సుల్తానుల తొలి కట్టడాల్లో పాత ఆలయాల నుంచి తెచ్చిన స్తంభాలు ఉన్నాయి. భద్రా పక్కన 1414లో కట్టిన అహ్మద్ షా మసీదులో అవి స్పష్టంగా కనిపిస్తాయి. ఈ సంగతి దాచి సమన్వయ శిల్పం అంటూ మురిసిపోవడం ఎంత తప్పో, ఆ ఒక్కటే పట్టుకుని తర్వాతి ఆరు వందల ఏళ్లను కొట్టిపారేయడం అంతే తప్పు. రాతిలో రెండూ ఉన్నాయి. చూసేవారికి రెండూ కనిపించాలి.

జామా మసీదు ముందు ఒకప్పుడు రెండు ఎత్తయిన మినార్లు ఉండేవి. 1819 జూన్‌లో కచ్‌ను కుదిపేసిన భూకంపానికి కూలిపోయాయి. ఇప్పుడు మొదళ్లు మాత్రమే మిగిలాయి. వాటి మీద చెక్కడపు పని చూస్తే కూలిన భాగం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఈ ఊరి మినార్లకు ఒకదాన్ని ఊపితే రెండోది కదులుతుందన్న పేరుండేది. కాలుపూర్ స్టేషన్ సమీపంలోని సిదీ బషీర్ మసీదు జంట మినార్లు 'ఝూల్తా మినార్' పేరుతో ప్రసిద్ధం. గోమ్‌తీపూర్‌లోని రాజ్ బీబీ మసీదులో ఆ రహస్యం తేల్చడానికి బ్రిటిష్ వారు ఒక మినారును విప్పదీశారు. తిరిగి కట్టడం మాత్రం వారి వల్ల కాలేదు.

మసీదు తూర్పు ద్వారం గుండా బయటికి వస్తే అంగళ్ల మధ్యలో రాజుగారి సమాధి. 'బాద్షా నో హజీరో' అంటారు. నగరం కట్టిన అహ్మద్ షా, ఆయన కొడుకు, మనుమడు ఇక్కడే ఉన్నారు. దానికి ఎదురుగా ఎత్తయిన అరుగు మీద 'రాణీ నో హజీరో'. రాణుల సమాధుల చుట్టూ రాతి జాలీల గోడ, ఆ గోడను ఆనుకుని చుట్టూతా ఆడవాళ్ల దుస్తుల దుకాణాలు. అద్దాలు కుట్టిన చనియా చోళీలు, బాంధనీ చీరలు, గిల్టు నగలు. నవరాత్రి వస్తోందంటే కాలు పెట్టే సందు ఉండదు. గర్బా ఆడబోయే అమ్మాయిలు సుల్తాను రాణుల సమాధి గోడ దగ్గర నిలబడి పావడా రంగు గురించి బేరమాడతారు. అమ్మేవారిలో రెండు మతాల వారూ ఉంటారు. 'బెన్' అన్న పిలుపులో ఎవరు ఏ మతమో తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ బేరానికి లేదు. పురావస్తు శాఖ ప్రమాణాలతో చూస్తే ఇది ఆక్రమణ. ఊరి కళ్లతో చూస్తే ఆ సమాధులకు ఇంతకన్నా కావలి లేదు. ఊరికి దూరంగా ముళ్లకంపల మధ్య ఒంటరిగా నిలబడి, పేరు తెలియకుండా కూలిపోయిన రాజసమాధులు దేశంలో ఎన్ని లేవు?

మరి నాలుగడుగులకే మాణెక్ చౌక్. పేరు మాణెక్‌నాథ్ అనే హిందూ సాధువుది. అహ్మద్ షా గోడ కడుతుంటే ఆయన పగలంతా చాప అల్లి, రాత్రి దాన్ని విప్పేసేవాడట. చాప విప్పగానే పగలు కట్టిన గోడ కూలేదట. రాజీ కుదిరి ఆయన పేరు ఒక బురుజుకూ ఈ చౌకుకూ దక్కింది. సాధువు స్మారక మందిరం, సుల్తాను సమాధి ఇక్కడ ఇరుగుపొరుగులు. కొత్త ఊరు కట్టేవాడు అప్పటికే అక్కడ ఉన్నవారితో తగువు తీర్చుకోక తప్పదని ఆ కథ చెబుతున్నట్టుంది.

ఒకే చౌకు రోజుకు మూడు వేషాలు వేస్తుంది. తెల్లవారుజామున పశువుల మేత, కూరగాయలు. పది దాటాక బంగారం, వెండి. దేశంలో బొంబాయి తర్వాత అంత పాతదైన అహ్మదాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ పుట్టిందీ ఇక్కడే, 1894లో. రాత్రి ఎనిమిది దాటి నగల దుకాణాల షట్టర్లు దిగగానే వాటి ముందే పొయ్యిలు వెలుగుతాయి. పావ్ భాజీ, కుల్ఫీ, చాక్లెట్ తురిమిన పైనాపిల్ శాండ్‌విచ్, వెన్నా చీజూ కుమ్మరించిన దోసె. తెలుగువాడికి ఆ దోసె చూస్తే మొదట కోపం వస్తుంది, తర్వాత ఆకలి వేస్తుంది. అర్ధరాత్రి దాటినా జనం తగ్గరు. తిండి బళ్ల వెలుగు ఉంటే దొంగల భయం ఉండదని నగల వ్యాపారులే ఈ ఏర్పాటుకు ఒప్పుకున్నారని స్థానికులు చెబుతారు. నిజమే కావచ్చు. ఒకరి అవసరం ఇంకొకరి బతుకుతెరువు కావడమే బజారు లక్షణం.

ఇంతవరకు చెప్పుకున్నది వింటే అహ్మదాబాద్ ఎంత సఖ్యమైన ఊరో అనిపిస్తుంది. కానీ అది సగమే నిజం. 1969లో, 1985లో, 1992లో, అన్నిటికీ మించి 2002లో ఇదే ఊరు నెత్తురు చూసింది. ఆ తర్వాత హిందువులూ ముస్లింలూ నివసించే పేటలు మరింత వేరైపోయాయి. నగరం అంచున జుహాపురా దేశంలోని అతిపెద్ద ముస్లిం వాడల్లో ఒకటిగా పెరిగింది. గుజరాత్‌లో 'అశాంత ప్రాంతాల' చట్టం ఉంది. 1991 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం ప్రకారం నోటిఫై చేసిన ప్రాంతాల్లో స్థిరాస్తి చేతులు మారాలంటే కలెక్టరు అనుమతి కావాలి. అల్లర్ల భయంతో ఇళ్లు కారుచౌకగా అమ్ముకోకుండా కాపాడటం దాని ఉద్దేశం. ఒక మతం వారు మరో మతం వారి నుంచి ఇల్లు కొనడాన్ని కష్టం చేయడం దాని ఫలితమని విమర్శకులు అంటారు. పాత నగరంలోని చాలా వాడలు ఈ చట్టం కిందికి వస్తాయి. అంటే మాణెక్ చౌక్‌లో ఒక ముస్లిం ఒక హిందువు దగ్గర పది తులాల బంగారం కొనడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. వెనుక సందులో అతని ఇల్లు కొనాలంటే మాత్రం కలెక్టరు గడప ఎక్కాలి.

ఈ మాటతో బజారు విలువ పెరుగుతుంది, దాని పరిమితీ తెలుస్తుంది. ఇళ్లు, బళ్లు, ఆటస్థలాలు విడిపోయిన ఊరిలో రెండు మతాల వారు రోజూ ఒకరినొకరు చూసుకునే చోటు ఇదొక్కటే మిగిలింది. మరి రోజూ చూసుకున్నంత మాత్రాన అల్లర్లు ఆగాయా? ఆగలేదు. ఎందుకు ఆగలేదన్న ప్రశ్నకు జవాబు వెతికిన పుస్తకం ఒకటుంది. రాజనీతి శాస్త్రజ్ఞుడు అశుతోష్ వార్ష్ణేయ్ 2002లో వెలువరించిన అధ్యయనంలో ఆరు నగరాలను జంటలుగా పోల్చారు. అలీగఢ్‌తో కాలికట్, హైదరాబాద్‌తో లక్నో, అహ్మదాబాద్‌తో సూరత్. పల్లెలో పలకరింపులు చాలు, నగరంలో చాలవన్నది ఆయన తేల్చిన విషయం. వ్యాపార సంఘం, కార్మిక సంఘం, వృత్తి సంఘం వంటి వాటిలో రెండు మతాల వారు కలిసి పనిచేసే చోట పుకారు అల్లరిగా మారకుండా ఆపేవారుంటారు. 1992లో బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత సూరత్ శివారు మురికివాడలు తగలబడినా, వ్యాపార బంధాలు గట్టిగా ఉన్న పాత సూరత్ ప్రశాంతంగా ఉండిపోయింది.

అహ్మదాబాద్‌లోనూ ఒకప్పుడు అలాంటి బంధాలు ఉండేవి. 1725లో మరాఠా సేన నగరాన్ని దోచబోతే నగర్‌శేఠ్ ఖుశాల్‌చంద్ సొంత డబ్బు చెల్లించి ఊరిని కాపాడాడు. ఆ మేలుకు బదులుగా వర్తకులు తమ సరుకు మీద వందకింత అని ఆయన వంశానికి వాటా రాసిచ్చారు. మసీదులూ ఆలయాలూ ఆ రోజు మిగలడానికి బజారే కారణం. ఆ తర్వాత మిల్లులు వచ్చాయి. గాంధీజీ, అనసూయా సారాభాయ్ చేయి వేసిన మజూర్ మహాజన్ 1920 నుంచి రెండు మతాల కార్మికులను ఒక గొడుగు కిందకు తెచ్చింది. 1980లలో మిల్లులు వరుసగా మూతపడ్డాయి. వాటితో పాటు సంఘమూ బక్కచిక్కింది. కలిసి పనిచేసినవారు విడివిడిగా నిరుద్యోగులయ్యారు.

మిగిలిన బంధాల్లో ఒకటి మాణెక్ చౌక్ కూరగాయల గంపల దగ్గర కనిపిస్తుంది. మజూర్ మహాజన్ మహిళా విభాగంలోంచి 1972లో ఇలా భట్ ఆధ్వర్యంలో పుట్టిన 'సేవా' సంఘం తొలి పోరాటాల్లో ఈ చౌకు వీధి వర్తకురాళ్లది పెద్దది. తాతల కాలం నుంచి అక్కడే కూర్చుని అమ్ముకుంటున్న ఆడవాళ్లను పోలీసులు, మునిసిపాలిటీ తరిమేవారు. రెండు గంపలు పెట్టుకునే జాగా ఇవ్వండి చాలన్నది వారి కోరిక. వ్యవహారం 1980లలో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, చివరికి వారి కూర్చునే హక్కుకు గుర్తింపు వచ్చింది. దేశమంతటా వీధి వర్తకుల చట్టం 2014లో రావడం వెనుక ఈ చౌకులో మొదలైన వాదన ఉంది. ఆ సంఘంలో హిందూ ముస్లిం స్త్రీలు కలిసే ఉన్నారు. 2002 అల్లర్ల తర్వాత సహాయ శిబిరాల్లో పనిచేసిన వాటిలో అదీ ఒకటి. ఇలా భట్ 2022లో కన్నుమూశారు. గంపలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి.

కాబట్టి యునెస్కో ముద్ర రాతికి పడిందా, బతుకుకు పడిందా అన్నది ఇప్పుడు ముందున్న ప్రశ్న. పాత నగరంలో పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు 28. వాటికి కాపలాదారు, నీలి రంగు బోర్డు ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న 'పోళ్లు', అంటే ఒకే గుమ్మం వెనుక ఇరుకు సందుల్లో చెక్కడపు కలప ఇళ్లతో ఉండే వాడలకు అంత రక్షణ లేదు. కొత్త తరం నది దాటి అపార్ట్‌మెంట్లకు వెళ్లిపోతోంది. ఖాళీ అయిన ఇళ్లు గోదాములవుతున్నాయి, కొన్ని కూలుతున్నాయి. గోదాముకు కూరగాయలు అక్కర్లేదు, దీపమూ అక్కర్లేదు. సాయంత్రం తాళం పడితే ఆ సందులో మనిషి ఉండడు. మసీదును పురావస్తు శాఖ నిలబెట్టగలదు. దాని చుట్టూ కొనేవారిని, అమ్మేవారిని నిలబెట్టడం ఏ శాఖ వల్లా కాదు.

ఇక వెళ్లదలచుకున్న వారికి నాలుగు మాటలు. విజయవాడ, వరంగల్ మీదుగా పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ తెలుగువారికి పాత పరిచయమే. అహ్మదాబాద్ ప్రధాన స్టేషన్ ఉన్న కాలుపూర్ పాత నగరం అంచునే ఉంది. మెట్రోలో ఘీకాంటా స్టేషన్‌లో దిగినా దగ్గరే. నగర పాలక సంస్థ 1997 నుంచి ఉదయం పూట ఒక వారసత్వ నడక నడిపిస్తోంది. కాలుపూర్ స్వామినారాయణ్ మందిరం దగ్గర మొదలై, పోళ్ల గుండా సాగి, జామా మసీదు దగ్గర ముగుస్తుంది. మొదటిసారి వెళ్లేవారికి అది మంచి దారి. రెండోసారి మాత్రం ఒంటరిగా, తీరిగ్గా వెళ్లాలి. మసీదుకు నమాజు వేళలు, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం వదిలేయండి. చెప్పులు విప్పడం, ఒళ్లు కప్పే బట్టలు వేసుకోవడం ఎలాగూ తెలిసినవే. ప్రార్థన చేసుకునే వారి ముఖాల మీదికి కెమెరా పెట్టకపోతే చాలు, మిగతా విషయాల్లో ఎవరూ అభ్యంతరపెట్టరు. సుల్తాను సమాధి గదిలోకి స్త్రీలకు ప్రవేశం లేదని ముందే తెలుసుకుంటే అక్కడ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

అస్తోడియా దగ్గర 1514లో కట్టిన రాణీ సిప్రీ మసీదును వదలకండి. ఆభరణం లాంటి ఆ చిన్న మసీదు సన్నటి మినార్లలో మెట్లు కూడా లేవు, అవి అందానికే. సిదీ సయ్యద్ మసీదును చివరికి ఉంచుకోండి. ఆఫ్రికా మూలాలున్న ఒక సిదీ ప్రముఖుడు 1572–73లో, అక్బరు సేన గుజరాత్‌ను స్వాధీనం చేసుకుంటున్న రోజుల్లోనే దాన్ని కట్టించాడు. అర్ధచంద్రాకారపు రాతి కిటికీల్లో చెట్టు కొమ్మలు పెనవేసుకుపోతాయి. ఐఐఎం అహ్మదాబాద్ చిహ్నానికి మూలం ఆ జాలీయే. నడుమ కమానులో మాత్రం జాలీ లేదు. పని పూర్తయ్యే లోపే రాజ్యం మారిపోయిందని అంటారు. బ్రిటిష్ కాలంలో ఈ మసీదును ప్రభుత్వ కచేరీగా వాడుకున్నారు. కర్జన్ వైస్రాయిగా ఉండగా ఖాళీ చేయించారు. 2017 సెప్టెంబరులో ప్రధాని నరేంద్ర మోదీ జపాన్ ప్రధాని షింజో అబేను వెంటబెట్టుకుని వచ్చి చూపించింది దీన్నే.

విదేశీ అతిథికి చూపించదగినదని అందరూ ఒప్పుకునే కిటికీ అది. పది నిమిషాల నడక దూరంలో తీన్ దర్వాజా గూట్లో ఉన్న దీపాన్ని చూపించడానికి కూడా ఎవరో ఒకరు ఉండాలి. మాణెక్ చౌక్‌లో కూరగాయలు కొనేటప్పుడు, హజీరో గోడ దగ్గర చీర బేరమాడేటప్పుడు మీరు ఆ పనిలో పాలుపంచుకుంటున్నారు. ఈ ఊరిలో దుకాణదారుకి మీరిచ్చే వంద రూపాయలు మసీదు హుండీలో వేసిన వంద రూపాయల కన్నా తక్కువ పని చేయవు. కాబట్టి బేరమాడండి. మరీ గట్టిగా మాత్రం వద్దు.